తురహళ్ళి బురదలో జారిపడ్డాను, ఏ షూస్ కొనాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హిందూపురం. పెళ్ళయిన దగ్గర్నుంచి బెంగళూరులో, కనకపుర రోడ్డు వైపు ఉంటున్నాం. నా వయసు 38. రెండేళ్ళుగా పరుగెడుతున్నాను. లాల్‌బాగ్‌లో, అపార్ట్‌మెంట్ చుట్టూ, అంతా గట్టి నేల మీదే. ఈ ఆగస్టు నుంచి ఆఫీసు స్నేహితులతో కలిసి ఆదివారాలు తురహళ్ళి అడవికి వెళ్తున్నాను. ఇంటి నుంచి అక్కడికి 2 కిలోమీటర్లు తారురోడ్డు, అది కూడా పరుగే. మొన్న వాన పడ్డ మర్నాడు దిగుడులో కాలు జర్రున జారి మోకాలు కొట్టుకుపోయింది. నావి మామూలు రోడ్డు షూస్. ఒకరు వాటర్‌ప్రూఫ్ కొనమంటారు, ఇంకొకరు అడుగున పెద్ద పెద్ద పళ్ళున్నవి కొనమంటారు. చూస్తే 16,000 చెబుతున్నారు. మా అమ్మేమో ఫోన్లో "మీ తాత జీవితమంతా చేలో చెప్పుల్లేకుండానే నడిచాడు, నీకెందుకే ఇంత ఖర్చు" అంటుంది. అక్టోబరు చివర్లో పడమటి కనుమల వైపు, మల్నాడు కాఫీ తోటల్లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చేశాను, అందుకే టెన్షన్. పోయినసారి కొన్న షూస్‌తో బొటనవేలి గోరు నల్లబడింది కూడా. ఇంకో చిన్న ప్రశ్న. బురద షూస్ వాషింగ్ మెషీన్లో వేయొచ్చా? మా అత్తగారు ససేమిరా అంటున్నారు.

ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మట్టిలో పడి మోకాలు కొట్టుకుపోయిందంటున్నారు. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే, షూస్ దుకాణం కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దెబ్బ పూర్తిగా మానేదాకా ఆ కాలితో బురద నీళ్ళలోకి దిగొద్దు.

ఇక షూస్ సంగతి. మీ అమ్మగారి మాట దగ్గరే మొదలుపెడతాను, అది కొట్టిపారేసే మాటేం కాదు. మాది కృష్ణా డెల్టా, నల్లరేగడి నేల. వానాకాలంలో మా పొలం గట్టు మీద నడవడమంటే నూనె ఒలికిన గచ్చు మీద నడిచినట్టే. చెప్పులేసుకున్నవాడు పడతాడు, ఉత్తకాళ్ళవాడు పడడు. "చెప్పులు చేత్తో పట్టుకుని, బొటనవేలు నేలలోకి గుచ్చి నడవరా" అనేవారు మా నాన్న. ఆ వేలు పైనున్న జిగట పొరను చీల్చుకుని కింది గట్టినేలను పట్టుకుంటుంది. మట్టిబాటల్లో, అడవుల్లో పరుగు కోసం చేసే ట్రైల్ షూ అడుగున ఉండే రబ్బరు గుబ్బలు చేసే పని కూడా సరిగ్గా అదే. మీ స్నేహితులు పళ్ళు అన్నవీ, దుకాణాల్లో లగ్స్ అనేవీ ఇవే. ట్రాక్టరు టైరుకు ఉండేవి కూడా ఇవే కాబట్టి నాకు గుబ్బలు అనడం అలవాటు.

అలాగని మిమ్మల్ని ఉత్తకాళ్ళతో పరుగెత్తమనడం లేదు. మీ తాతగారి అరికాలు చిన్నప్పటి నుంచి వేరుశనగ చేలల్లో తిరిగి తిరిగి తోలులా గట్టిపడిన అరికాలు. మనది మార్బుల్ ఫ్లోరు మీద కూడా ఇంటి చెప్పులేసుకుని తిరిగే అరికాలు. తురహళ్ళి బాటలో పలుగురాళ్ళున్నాయి, ముళ్ళున్నాయి, సాయంత్రం పూట వచ్చి సీసాలు పగలగొట్టిపోయే మహానుభావుల దయవల్ల గాజుపెంకులున్నాయి. కాబట్టి అమ్మగారి సూత్రం తీసుకుందాం, ఉత్తకాళ్ళు వదిలేద్దాం.

ముందు మీరు ఎందుకు జారారో చూడాలి. జనం, సైకిళ్ళు తొక్కి తొక్కి అక్కడి ఎర్రమట్టి బాట సిమెంటులా దిమ్మిస కొట్టినట్టు ఉంటుంది. రాత్రి గంటసేపు కురిసిన వాన పైపై పొరను, అర సెంటీమీటరో సెంటీమీటరో తడిపి ఆగిపోతుంది. కింద గట్టి, పైన జిగురు. చీలమండ లోతు బురద చూస్తే మనకు భయం వేస్తుంది గానీ, నిజానికి అందులో కాలు దిగబడుతుంది కాబట్టి అంత తేలిగ్గా జారం. మనిషిని పడేసేది ఈ పల్చటి పొరే. మీ రోడ్డు షూ అడుగు దాదాపు నున్నగా ఉంటుంది. గాట్లు ఉన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. అవి ఆ జిగురులోనే తేలిపోతాయి, కింది నేల వాటికి అందదు. పైగా అక్కడ నీలగిరి చెట్లు. రాలిన ఆకులు తడిసి ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే కింద మట్టి ఉందో రాయి ఉందో కూడా కనబడదు.

షూస్ కొనే ముందు ఒక పని చేయండి. మీరు జారిన చోటే గుప్పెడు తడిమట్టి తీసుకుని చపాతీ పిండిలా పిసికి, రెండు అరచేతుల మధ్య దీపం వత్తిలా పేనండి. వత్తి పొడుగ్గా సాగి, వేలికి చుడితే ఉంగరంలా నిలిస్తే అందులో బంకమట్టి ఎక్కువ. సాగకుండా ముక్కలు ముక్కలుగా విరిగిపోయి, వేళ్ళ మధ్య గరగరలాడితే ఇసుకపాలు ఎక్కువ. ఎవరైనా చూస్తే నవ్వుతారేమో గానీ, ఇంటర్నెట్లో యాభై రివ్యూలు చదివినదానికంటే ఈ రెండు నిమిషాల పనితో ఎక్కువ తెలుస్తుంది. గరగరలాడే మట్టి నీటిని తొందరగా వదిలేస్తుంది, షూకి పెద్దగా అంటుకోదు, దానికి ఓ మోస్తరు గుబ్బలు చాలు. ఉంగరం చుట్టిన మట్టి అలా కాదు. పది అడుగులు వేసేసరికి షూ కింద దిబ్బరొట్టెలా అట్టు కడుతుంది, ఒక్కో కాలు అరకిలో బరువు పెరుగుతుంది, గుబ్బలన్నీ పూడిపోయి మళ్ళీ నున్నటి అడుగే మిగులుతుంది. నేను పేనిచూసినంతలో తురహళ్ళి బాట ఎక్కువ భాగం గరగర రకం. నీళ్ళు నిలిచే పల్లాల్లో, చెరువు గట్ల పక్కన మాత్రం ఉంగరం రకం. మీకు రెండూ తగులుతాయి.

అందుకే గుబ్బల ఎత్తొక్కటే చూసి కొనొద్దు, వాటి మధ్య ఖాళీ కూడా చూడాలి. మా ఊళ్ళో వరిచేను దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనప చక్రాలు బిగిస్తారు, చూసే ఉంటారు. అవి చక్రాలు అనడానికి కూడా లేదు, వరసగా ఇనప బద్దలు, మధ్యలో జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి బురద జారిపోతుంది కాబట్టే చక్రం తిరిగిన ప్రతిసారీ బద్ద మళ్ళీ కొత్తగా నేలను కరుస్తుంది. మామూలు టైరైతే మట్టి పూడుకుని ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. షూ కూడా అంతే. బురద అంటని షూ అంటూ లోకంలో లేదు, అంటిన బురదను వదిలించుకునే షూ ఉంటుంది. దుకాణంలో షూ తిరగేసి, రెండు గుబ్బల మధ్య మీ చిటికెనవేలు పెట్టి చూడండి. వేలి కొస సులువుగా అడుగుదాకా పడితే బురద రాలుతుంది. ఇరుక్కుంటే మట్టి కూడా అక్కడే ఇరుక్కుంటుంది.

షూ తిరగేశారు కాబట్టి గుబ్బల ఆకారం కూడా చూసేయండి. చాలా ట్రైల్ షూస్‌లో అవి బాణం కొసల్లా ఉంటాయి. ముందరి భాగంలో ఒక దిక్కుకు తిరిగి ఉంటే మడమ దగ్గర దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. ఎక్కేటప్పుడు ముందువి నేలను వెనక్కి తోస్తాయి, దిగేటప్పుడు మడమవి బ్రేకు వేస్తాయి. మీరు పడింది దిగుడులో. కాబట్టి మడమ వైపు గుబ్బలు చివరి అంచుదాకా ఉన్నాయా, లేక అందం కోసం మధ్యలోనే ఆపేశారా అన్నది గమనించండి. ఇంకొకటి, ఒక గుబ్బను బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. గోరు దిగి, తీయగానే మెల్లగా పైకి లేస్తే మెత్తటి రబ్బరు. గోరు దిగకపోతే గట్టి రబ్బరు. ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను.

లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీకు తెలుసు కదా. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అంటారు. వాన పడుతుండగా ఎప్పుడైనా ఎక్కి చూశారా? పొడిగా ఉన్నప్పుడు హవాయి చెప్పులతో ఎక్కేయొచ్చు, తడిసిందంటే సబ్బుబిళ్ళ. తురహళ్ళిలో గుండ్లన్నీ ఆ జాతివే, సావనదుర్గ, మాకళిదుర్గ కొండల వైపు వెళ్ళినా ఇలాంటి బండలే. బండ మీద గుబ్బ ఎంత ఎత్తున్నా ఉపయోగం లేదు, గుచ్చుకోవడానికి అక్కడ మెత్తటి నేల ఏదీ? అక్కడ కాపాడేది రబ్బరు మెత్తదనం, అది రాయిని ఎంత మేర తాకుతుందన్న లెక్క. 8 మిల్లీమీటర్ల గుబ్బలేసుకుని బండ ఎక్కితే మేకుల మీద నిలబడ్డట్టు అటూ ఇటూ ఊగుతుంది, రాయిని తాకేది నాలుగు రబ్బరు ముక్కలే.

చాలా షూస్ అడుగున పసుపు రంగు ముద్ర ఒకటి కనిపిస్తుంది, వైబ్రమ్ అని. షూ కంపెనీ వేరు, అడుగు చేసిచ్చే ఈ కంపెనీ వేరు. దాని వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు కొండలెక్కేవాళ్ళు చనిపోయారు. వాళ్ళ బూట్లు ఆ మంచుకు సరిపడేవి కాకపోవడం ఒక కారణం. వాళ్ళ స్నేహితుడు విటాలే బ్రమానీ అనే ఇటలీ ఆయన ఆ బాధతో కూర్చుని రబ్బరు అడుగు ఒకటి తయారుచేసి 1937లో తెచ్చాడు. ఆయన పేరులో, ఇంటిపేరులో ముక్కలు కలిపితే వచ్చినదే వైబ్రమ్. ఆ మొదటి అడుగుకు పెట్టిన పేరు కర్రార్మాటో, ఇటాలియన్‌లో యుద్ధట్యాంకు అని. నేను ట్రాక్టరు అన్నాను, ఆయన ట్యాంకు అన్నాడు, అంతే తేడా. ఇప్పుడు వాళ్ళ రబ్బర్లలో మెగాగ్రిప్ అనేది తడి రాయి మీద బాగానే పట్టుకుంటుంది. మిగతా కంపెనీలకూ సొంత రబ్బర్లున్నాయి, గోటి పరీక్ష అన్నిటికీ పనికొస్తుంది. అయితే పాచి పట్టిన తడి బండ మీద ఏ రబ్బరూ నిలవదు. అక్కడ కూర్చుని దిగండి. నేను ఇప్పటికీ కూర్చునే దిగుతాను. ప్యాంటు వెనక ఎర్రమరక పడుతుంది, ఇంట్లో నవ్వుతారు, పడనివ్వండి.

మరి ఎంత ఎత్తు గుబ్బలు? 3 మిల్లీమీటర్లవి పొడి మట్టిబాటకు, పార్కులకు సరిపోతాయి. 4 నుంచి 5 దాకా ఉన్నవి వానాకాలం ఎర్రమట్టికి, మల్నాడుకు పనికొస్తాయి. 6 దాటితే అచ్చమైన బురద షూస్. ఇంగ్లండు కొండల్లో ఏడాది పొడుగునా తడిసే గడ్డి వాలుల మీద పరుగెత్తేవాళ్ళ అవసరం కొద్దీ పుట్టినవి. ఇనోవ్-8 అని 2003లో మొదలైన బ్రిటిష్ కంపెనీ ఉంది, వాళ్ళ మడ్‌క్లాకి 8 మిల్లీమీటర్ల గుబ్బలు. చూడటానికి పులిపంజాలా భలే ఉంటుంది. మీరు మాత్రం కొనకండి. బండల మీద ఊగుతుందని చెప్పాను కదా, దానికి తోడు మీకు వెళ్ళేటప్పుడు 2, వచ్చేటప్పుడు 2 కిలోమీటర్ల తారురోడ్డు ఉంది. మెత్తటి ఎత్తు గుబ్బలు తారు మీద రబ్బరు పలకకు రాసినట్టు అరిగిపోతాయి. మంచి షూస్‌నైనా ఆ 4 కిలోమీటర్లే ముందు తినేస్తాయి. స్కూటరు మీద వెళ్ళి అడవి దగ్గర పరుగు మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది. రోడ్డు పరుగు కూడా కావాలంటే ఆ రోజు పాత షూస్‌తో వేరేగా పెట్టుకోండి, వాటిని పారేయాల్సిన పనేమీ లేదు.

ఇప్పుడు వాటర్‌ప్రూఫ్. నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మినవాణ్ణే. పేరున్న కంపెనీవి, జేబుకు బాగా చిల్లు పెట్టినవి కొనుక్కుని సకలేశపూర్ వైపు వెళ్ళాను. మొదటి గంట రాజాలా ఉన్నాను. తడిసిన గడ్డిలో తొక్కుతున్నా లోపల మేజోడు పొడిగా ఉంది. తర్వాత ఒక వాగు వచ్చింది. పిక్కల దాకా నీళ్ళు. నీళ్ళు షూ గుడ్డలోంచి రాలేదు, దర్జాగా పైనుంచి, కాలు పెట్టే దారినే వచ్చాయి. వచ్చాక ఇక పోలేదు. బయటి నీటిని లోపలికి రానివ్వని గుడ్డ లోపలి నీటిని బయటికి మాత్రం పోనిస్తుందా? అడుగడుగునా గబ్ గబ్ మని శబ్దం. రెండు కాళ్ళకీ రెండు చెంబులు కట్టుకుని మిగతా 9 కిలోమీటర్లు పరుగెత్తాను. సాయంత్రం మేజోళ్ళు విప్పితే అరికాళ్ళు తెల్లగా, సాంబారులో నానిన వడల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. మడమ దగ్గర తోలు మేజోడుతో పాటే ఊడివచ్చింది. దుకాణానికి ఫోన్ చేస్తే "సార్, వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్ళు రావన్నాం, వచ్చినవి పోతాయని చెప్పలేదు కదా" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

ఆ గుడ్డను తిట్టడం లేదు. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా లాగితే సన్నటి రంధ్రాలతో సాగుతుందని కనిపెట్టాడు. గోర్‌టెక్స్ అలా వచ్చింది. నీటిబొట్టు దూరదు, ఆవిరి పోతుంది. చలిదేశంలో, మంచులో, షూ అంచు దాటని తడిలో అది గొప్ప వస్తువే. మనకు ఉండేది వెచ్చటి వాన, పైగా వాగులు. ఆ పొర వల్ల షూ ఆరడం కూడా ఆలస్యమే. కాబట్టి మామూలు జాలీగుడ్డ షూ తీసుకోండి. నీళ్ళు వస్తాయి, వంద అడుగుల్లో బయటికి పోతాయి. కొనేటప్పుడు షూ లోపల ఫోన్ లైటు వేసి బయటి నుంచి చూడండి. వెలుతురు సన్నటి చుక్కల్లా కనబడాలి. పెద్ద పెద్ద కన్నాలుంటే మట్టి కూడా దూరుతుంది, తడి ఇసుక మేజోడులో చేరితే ఉప్పుకాగితమే.

16,000 పెట్టాలా అంటే, అక్కర్లేదు. మొదటి జతకు 5,000 నుంచి 8,000 లోపల పైన చెప్పిన పరీక్షలన్నీ పాసయ్యేవి దొరుకుతాయి. డెకథ్లాన్‌లో వాళ్ళ సొంత ట్రైల్ షూస్ చూడండి. పెద్ద కంపెనీలదే కావాలనుకుంటే కొత్త మోడల్ దిగిన తర్వాత పాత ఏడాది మోడల్ ధర పడిపోతుంది, అడుగులో పెద్ద తేడా ఉండదు, రంగే మారుతుంది. మీ స్నేహితులు చెప్పే పేర్లు ఏవో నేను ఊహించగలను. సలోమన్ స్పీడ్‌క్రాస్‌కు 5 మిల్లీమీటర్ల గుబ్బలు, మధ్యలో మంచి ఖాళీ, బురదలో దాని పనితనానికి వంక పెట్టలేం. కానీ పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళకు బిగుతు, తడి బండ మీద అంత భరోసా లేదు. హోకా స్పీడ్‌గోట్ కూడా 5 మిల్లీమీటర్లే, వైబ్రమ్ అడుగు, పరుపులాంటి మెత్తదనం. కార్ల్ మెల్ట్‌జర్ అనే దూరపు పరుగుల వీరుడి ముద్దుపేరే దానికి పెట్టారు. 21 కిలోమీటర్లకు హాయిగా ఉంటుంది గానీ ఎత్తు ఎక్కువ, చీలమండ మెలిపడే అలవాటున్నవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఆల్ట్రా లోన్ పీక్‌లో వేళ్ళు హాయిగా విచ్చుకుంటాయి, అయితే మడమ, మునివేళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి. మీ రోడ్డు షూలో మడమ కాస్త ఎత్తుగా ఉండి ఉంటుంది. పరుగుకు నెల ముందు ఆ ఎత్తు ఒక్కసారిగా తీసేస్తే పిక్కలు పట్టేస్తాయి. అది వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

కంపెనీ కంటే కొలత ముఖ్యం. మీ గోరు నల్లబడింది షూ చిన్నదై, దిగుడులో వేలు వెళ్ళి ముందు గోడకు కొట్టుకోబట్టి. కాళ్ళు పొద్దుటికంటే సాయంత్రం కాస్త ఉబ్బి ఉంటాయి, కాబట్టి దుకాణానికి ఆఫీసు అయ్యాక వెళ్ళండి. పరుగులో వేసుకునే మేజోళ్ళే పట్టుకెళ్ళండి. అన్నిటికన్నా పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి ఆ పొడుగు వేలు బొటనవేలు కాదు, దాని పక్కది. మా ఇంట్లో ఒకావిడ సంగతి అదే, 'మొగుణ్ణి మించే రకం' అని పెళ్ళిలో ఎవరో అన్నారట, షూస్ కొనేటప్పుడల్లా గుర్తు చేస్తుంది. దుకాణం మెట్ల పక్కనో పార్కింగ్ దగ్గరో వాలు ఉంటుంది, కాసేపు షూ వేసుకుని చూస్తామని అడిగి, ఆ వాలు మీద కిందికి నాలుగుసార్లు గబగబా నడవండి. వేలు ముందుకు తగిలిందా, ఆ సైజు వద్దు. అర సైజు పెంచండి. పైకి నడిచేటప్పుడు మడమ షూలోంచి లేచి వస్తోందా, ఆ మోడలే వద్దు. బురదలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే బురద షూను కిందికి పీకుతుంది. మడమ వదులుగా ఉంటే షూ అక్కడే ఉండిపోతుంది, మేజోడు కాలు ముందుకొస్తుంది. మగవాళ్ళ మోడల్ మీద డిస్కౌంటు ఉందని అది తీసుకోకండి, ఆడవాళ్ళ అచ్చులో సాధారణంగా మడమ దగ్గర సన్నగా ఉంటుంది.

చాలా షూస్‌లో అందరూ వదిలేసే చివరి కన్నం ఒకటి ఉంటుంది, మిగతావాటికంటే కాస్త వెనగ్గా. అది అలంకారానికి కాదు. లేసును అదే వైపు ఆ కన్నంలోకి దోపి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి లేసును ఆ ఉచ్చులోంచి లాగి ముడేస్తే మడమ కదలదు. మీ గోటి బాధ సగం అక్కడే తీరుతుంది. ముడి రెండుసార్లు వేసి మిగిలిన కొసలు లేసుల కిందికి దోపేయండి, లేకపోతే తుప్పల్లో తట్టుకుంటాయి.

షూస్ మార్చినా మీ అడుగు మారకపోతే మళ్ళీ పడతారు. దిగుడులో భయపడి వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తాం, జారేది అప్పుడే. అడుగులు చిన్నవిగా, గబగబా, బరువు పాదాల మీదే ఉండేలా వేయండి. నీటిగుంటను తప్పించుకుందామని పక్కనున్న వాలు అంచు ఎక్కకండి, గుంట మధ్యలోంచే పోండి. షూస్ ఎలాగూ తడిసేవే.

మల్నాడుకు ముందు కొత్త షూస్‌తో కనీసం 50, 60 కిలోమీటర్లు తిరిగి ఉండాలి, అందులో ఒక్కసారైనా పూర్తిగా తడిపి గంటసేపు పరుగెత్తాలి. పొడిగా ఉన్నప్పుడు ఒరుసుకోని చోట తడిసినప్పుడు ఒరుసుకుంటుంది. ఆ చోట్లు కనిపెట్టి పరుగు రోజు వాజిలైన్ పట్టించండి. నూలు మేజోళ్ళు వద్దు, తడిస్తే ఆరవు, ముడతలు పడి బొబ్బలు లేపుతాయి. సింథటిక్‌వి గానీ పల్చటి ఉన్నివి గానీ, పిక్క సగం దాకా వచ్చేవి తీసుకోండి. పొడుగెందుకంటే జలగలు. కాఫీ తోటల్లో తడి ఆకుల మీద దారంలా కూర్చుని ఉంటాయి, తెలియకుండా ఎక్కుతాయి. పట్టుకున్నదాన్ని చూసి కంగారుపడొద్దు, గోటిని చర్మం మీద ఆనించి పక్కకు తోస్తే వదిలేస్తుంది. రక్తం కాసేపు ఆగదు, అంతకు మించి ఏం లేదు. పరుగు అయిపోగానే వేసుకోవడానికి పొడి మేజోళ్ళు, చెప్పులు సంచీలో పెట్టుకోండి. తడి కాళ్ళతో బస్సులో బెంగళూరు దాకా కూర్చుంటే వేళ్ళ మధ్య తోలు నాని, చీలి, వారం రోజులు దురద.

చివరి ప్రశ్నకు వస్తే, మీ అత్తగారిదే కరెక్టు. వాషింగ్ మెషీన్లో వేడికి, తిప్పుడికి షూ అడుగును అంటించిన జిగురు ఊడుతుంది, ఇసుక డ్రమ్ములో చేరి తర్వాత పట్టుచీరకు తగులుతుంది. ఇంటికి రాగానే కుళాయి కింద పెట్టి మట్టిని తోయడం కూడా తొందరపాటే, సింకు పూడుతుంది. పాత పేపరు పరిచి బాల్కనీలో ఓ పూట వదిలేయండి. ఎండిన ఎర్రమట్టి రెండు షూలూ ఒకదానికొకటి కొడితే పెచ్చులుగా రాలిపోతుంది. మిగిలినదాన్ని పాత పళ్ళ బ్రష్షుతో, చన్నీళ్ళతో తోమండి. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి విడిగా ఆరబెట్టండి. షూ లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, రెండు గంటలకు తడిసినవి తీసేసి పొడివి పెట్టండి. నీడలో, ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరిపోతాయి. ఎర్రటి ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యరు పట్టినా మళ్ళీ జిగురు గొడవే. రాలిన మట్టి మంచి మట్టి, కుండీల్లో వేసుకోవచ్చు. తులసికోటలో మాత్రం వేయకండి, అత్తగారితో కొత్త పేచీ నాకెందుకు.